లేన్ కీపింగ్ అసిస్ట్‌ను హైవే మీద ఎంతవరకు నమ్మవచ్చు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేము ఇటీవల కొన్న కారులో లేన్ కీపింగ్ అసిస్ట్ (కారు లేను గీత దాటకుండా స్టీరింగును సర్దే సాయం) ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో కొన్నిచోట్ల అది ఎంతో హాయిగా పనిచేస్తుంది. కానీ బైకులను దాటేటప్పుడు మాత్రం స్టీరింగును ఎవరో ఎదురు లాగుతున్నట్టు ఉంటుంది. ఇది కారులో ఉన్న లోపమా? పూర్తిగా ఆపేయమని మా బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి అది లోపంలా కనిపించడం లేదు. ఆ పరికరం తనకు అప్పగించిన పనినే చేస్తోంది. ఆ పనికీ మన రహదారుల మీద బండి నడిపే తీరుకూ కొన్నిచోట్ల పొసగడం లేదు, అంతే. ముందద్దానికి లోపలివైపు, పైభాగాన అమర్చిన కెమెరా రోడ్డు మీది గీతలను గమనిస్తూ ఉంటుంది. చాలా కార్లలో వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటిన తరువాత, ఇండికేటర్ వేయకుండా టైరు గీతను సమీపిస్తే, డ్రైవరు ఏమరుపాటున పక్కకు జరుగుతున్నారని లెక్కగట్టి, పవర్ స్టీరింగ్ మోటారు సాయంతో కారును మళ్లీ లేను లోపలికి మళ్లిస్తుంది. మీరు కావాలనే జరుగుతున్నారని దానికి తెలియజేసేది ప్రధానంగా ఇండికేటరే.

ఇక బైకు విషయానికి వద్దాం. మన జాతీయ రహదారి మీద ఎడమ అంచున వెళ్లే ద్విచక్ర వాహనాన్ని దాటేటప్పుడు మనలో చాలామంది లేను పూర్తిగా మారరు. బైకుకు కాస్త చోటిచ్చేందుకు కుడి టైర్లను గీత మీదకు తెచ్చి, దాటగానే మళ్లీ లోపలికి వస్తారు. అంత చిన్న కదలికకు ఇండికేటర్ ఎందుకనుకుంటారు. సరిగ్గా ఆ క్షణంలోనే పరికరం కారును ఎడమకు, అంటే బైకు ఉన్న వైపుకే, నెట్టబోతుంది. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ఆటోను, అంచున ఆరబోసిన ధాన్యాన్ని, ఆగి ఉన్న లారీని తప్పించేటప్పుడూ ఇదే జరుగుతుంది. అడ్డంకిని చూసి తప్పించడం లేన్ కీపింగ్ పని కాదు. దాని చూపంతా గీతల మీదే. అయితే అది మీ చేతులను మించిన బలంతో లాగుతుందేమోనని భయపడవద్దు. ఐరోపా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 79వ నిబంధన ప్రకారం, ఇలాంటి సాయాన్ని కాదని స్టీరింగ్ చక్రం తిప్పడానికి డ్రైవరుకు 50 న్యూటన్లకు మించిన బలం అవసరం కాకూడదు. అంటే దాదాపు ఐదు కిలోల బరువు ఎత్తేంత బలం. చక్రాన్ని స్థిరంగా పట్టుకుని తిప్పితే అది లొంగుతుంది.

గీతలు చక్కగా ఉన్నచోట దాని పనితనం నిజంగా మెచ్చుకోదగినదే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు, లేన్లు స్పష్టంగా ఉంటాయి, మలుపులు సాఫీగా ఉంటాయి. అక్కడ దాన్ని ఆన్‌లోనే ఉంచండి. విజయవాడ దారిలో పరిస్థితి వేరు: వంతెన పనుల దగ్గర మళ్లింపుల్లో కొత్త గీతల పక్కనే పాతవీ మిగిలి ఉంటాయి, పగుళ్లకు పూసిన తారు చారలు కెమెరా కంటికి గీతల్లాగే కనిపించవచ్చు, టోల్ ప్లాజాల ముందు గీతలే మాయమవుతాయి. రాత్రి వానలో తడి రోడ్డు మీద ఎదుటి లైట్ల వెలుగు పరుచుకుంటే మన కంటికే గీత ఆనదు, కెమెరాకూ అంతే. పైగా ఈ దారి ఇంచుమించు తూర్పు పడమరలుగా సాగుతుంది కాబట్టి పొద్దున్నే విజయవాడకు బయలుదేరి సాయంత్రం తిరిగొచ్చేవారికి రెండు పూటలా ఎండ కెమెరాకు ఎదురుగానే ఉంటుంది! పరికరం గీతలను గుర్తించినప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఆ గుర్తు సాధారణంగా ఆకుపచ్చగా ఉంటుంది. బూడిద రంగులోకి మారితే ఆ సాయం లేనట్టే.

ఇన్ని ఇబ్బందులున్నా పూర్తిగా ఆపేయమనే సలహాతో నేను ఏకీభవించను. మన లేను వెడల్పు 3.5 మీటర్లు, కారు వెడల్పు సుమారు 1.8 మీటర్లు, లేను మధ్యలో వెళ్తున్నా రెండు పక్కలా మిగిలేది 85 సెంటీమీటర్లే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా రెండు సెకన్లలోపే టైరు గీతను తాకుతుంది. తెల్లవారుజామున రెప్ప వాలడానికి అంతకంటే ఎక్కువ సమయం అక్కరలేదు. అమెరికాలో హైవే భద్రతపై పనిచేసే బీమా పరిశోధన సంస్థ 2017లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, స్టీరింగ్ జోలికి పోకుండా హెచ్చరిక మాత్రమే చేసే వ్యవస్థతోనే అదుపుతప్పి పక్కకు పోవడం, పక్కనుంచి రాసుకోవడం, ఎదురెదురుగా ఢీకొనడం వంటి ప్రమాదాలు 11 శాతం, వాటిలో గాయాలయ్యేవి 21 శాతం తగ్గాయి. కాబట్టి మీ కారు సెట్టింగుల్లో హెచ్చరికను మాత్రమే ఉంచే వీలుంటే విజయవాడ దారిలో దాన్ని ఎంచుకోండి. వీలు లేకపోతే బైకును దాటేటప్పుడు కూడా ఇండికేటర్ వేయడం అలవాటు చేసుకోండి. వెనుక వచ్చేవారికి కూడా అది మేలే.

ప్రశ్న: స్టీరింగ్ చక్రానికి నీళ్ల సీసా కట్టేస్తే చేతులు పెట్టమనే హెచ్చరిక రాదని మిత్రుడు చెప్పాడు. పొడవైన దారిలో కాసేపు అలా వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వెళ్లకూడదు. చాలా కార్లలో చేతులు ఉన్నాయో లేదో చక్రం మీద పడే స్వల్ప బలాన్ని బట్టే తెలుస్తుంది కనుక సీసా దాన్ని మోసగించగలదు. కానీ మీరు కొన్నది సాయం చేసే వ్యవస్థను మాత్రమే. కారును లేను మధ్యలో నడిపే లేన్ సెంటరింగ్, ముందు వాహనాన్ని బట్టి వేగాన్ని సర్దుకునే అడాప్టివ్ క్రూజ్ కలిసి పనిచేసే రెండో స్థాయి ఆటోమేషన్‌లో కూడా రోడ్డును గమనించే బాధ్యత పూర్తిగా డ్రైవరుదే. చేతులు తీసిన 15 సెకన్లలోపు హెచ్చరించాలని పైన చెప్పిన నిబంధనే అంటోంది. 100 కిలోమీటర్ల వేగంలో ఆ వ్యవధిలోనే కారు 400 మీటర్లకు పైగా వెళ్లిపోతుంది.

ప్రశ్న: రాయి తగిలి ముందద్దం మార్పించాం. అప్పటినుంచి కారు ఎప్పుడూ ఎడమ గీతకు దగ్గరగా నడుస్తోంది. కారణం ఏమిటి?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: కెమెరా కోణం కాస్త మారి ఉండవచ్చు. అద్దం మార్చినప్పుడు కెమెరాను మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి, అంటే దాని చూపు కోణాన్ని సరిచేయాలి. బయటి దుకాణంలో మార్పిస్తే ఈ పని తరచూ మిగిలిపోతుంది. కంపెనీ సర్వీస్ సెంటరులో ఆ పని చేయించండి, వీల్ అలైన్‌మెంట్ కూడా చూపించండి. అప్పటిదాకా లేన్ కీపింగ్‌ను ఆఫ్‌లో ఉంచండి.