గ్యాలరీలో వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లకు హెడ్‌సెట్ తొడిగి చూసే కృత్రిమ లోకం) కళాకృతి పెట్టాలంటే ఏం చూసుకోవాలి?

ముందు క్యూ లెక్క చూడండి. 10 నిమిషాల కృతికి హెడ్‌సెట్ తొడిగి, పట్టీ సర్ది, తర్వాత తుడవడం కలిపితే మనిషికి 15 నిమిషాలు పడుతుంది. అంటే ఒక హెడ్‌సెట్‌కి గంటకు నలుగురే. స్లాట్లు ముందే ఇచ్చేయాలి.

చూసేవారు నడుస్తూ తిరిగే కృతికి కనీసం 2 మీటర్లు x 2 మీటర్ల ఖాళీ కావాలి. అసలు చిక్కు వెలుతురుతో వస్తుంది. ఇప్పటి హెడ్‌సెట్లు సొంత కెమెరాలతో గదిని గుర్తుపడతాయి. మసక చీకటి, నున్నటి తెల్ల గోడలు, అద్దాలు ఉంటే పట్టు తప్పి దృశ్యం జారిపోతుంది, చూసేవారికి కళ్లు తిరుగుతాయి. దీపాలు నిలకడగా ఉంచి, గోడలకు గుర్తులేవైనా అంటించండి. లెన్సుల మీద ఎండ పడితే లోపలి తెర మాడిపోతుంది. లెన్సులకు ఆల్కహాల్ వాడకండి, పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు.

బయట నిలబడ్డవారి సంగతి? కెనడా కళాకారిణి చార్ డేవిస్ 1995లోనే ‘ఆస్మోస్’ అనే వీఆర్ కృతిలో దీనికి చక్కటి దారి చూపారు. అందులో ఊపిరి పీలిస్తే పైకి తేలతారు, వదిలితే కిందికి దిగుతారు. ఛాతీకి తొడిగిన జాకెట్ ఆ శ్వాసను కొలుస్తుంది. ఆ ప్రయాణమంతా పెద్ద తెర మీద, లోపలి మనిషి నీడ మరో తెర మీద మిగతావారికి కనిపించేవి.