మిషన్ ట్రిప్‌ కోసం బంగారం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేస్తున్నాను. చేరి నాలుగేళ్ల ఏడు నెలలైంది. చేతికి 28,000 వస్తుంది. మావారు ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 24,000. ఆరేళ్ల బాబు, అత్తగారు మాతోనే ఉంటారు. అద్దె 9,000, బండి ఈఎంఐ 3,200 (ఇంకా పది నెలలు), చీటీ 5,000, ఎల్‌ఐసీ 1,800, దశమ భాగం (చర్చికిచ్చే పదో వంతు) 5,200, బాబు ఫీజు, అత్తగారి మందులతో కలిపి ఇంటి ఖర్చు 19,000. బ్యాంకులో 1,40,000 ఎఫ్‌డీ ఉంది. ఆఫ్రికా తీరంలో పేదలకు ఉచితంగా ఆపరేషన్లు చేసే మెర్సీ షిప్స్ సంస్థ వారి ఆసుపత్రి ఓడలో మూడు నెలలు సేవ చేయాలని ఎంతో కాలంగా ప్రార్థిస్తున్నాను. ఆరు నెలల్లో బయల్దేరాలని ఆశ. టికెట్, ఓడలో ఉండటానికి ఫీజు, వీసా, టీకాలు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి 2,60,000 దాకా అవుతుందని లెక్క వేసుకున్నాం. మా చర్చి సంఘం విశ్వాసులు లక్ష రూపాయలు పోగు చేస్తామన్నారు. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య వెళ్లే చర్చి వాళ్లు వెయ్యి డాలర్లు పంపుతామన్నారు. మిగతాదానికి బంగారం తాకట్టు పెట్టాలా, చీటీ పాడుకోవాలా? సెలవు ఇవ్వకపోతే ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. దేవుడు పిలిచాక ఆలస్యం చేయకూడదు కదా?

సమాధానం: అమ్మా, ముందు మీ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పేస్తాను. బంగారం తాకట్టు వద్దు. చీటీ ఇప్పుడే పాడొద్దు. ప్రయాణం మాత్రం మానుకోవద్దు, పదిహేను నెలలు వెనక్కి జరపండి. అప్పు లేకుండా వెళ్లి, అప్పు లేని ఇంటికి తిరిగి రావడానికి మీకు అంత సమయం కావాలి.

జీతం తీసుకోకపోవడమే కాకుండా, తమ భోజనం, బస ఖర్చు తామే పెట్టుకుని ఆ ఓడలో పనిచేసే వలంటీర్ల సేవంటే నాకు చాలా గౌరవం. అక్కడ సర్జన్ కూడా అలా కట్టుకునే వస్తాడు. థియేటర్ నర్సు అవసరం అక్కడ ఎంత ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అంత పనికి వెళ్లే మనిషి మనసు ఇంట్లోని అప్పుల మీద ఉండకూడదు. అందుకే లెక్క కాస్త గట్టిగా వేస్తున్నాను.

మీ అంచనాలో 2,60,000 ప్రయాణానికే ఉంది. మీరు లేని నెలల్లో ఇల్లు ఎలా నడుస్తుందో అందులో లేదు. ఇప్పుడు మీ ఇంటి మొత్తం ఖర్చు నెలకు 43,200. మీ జీతం మీద ఇచ్చే దశమ భాగం 2,800, మీ బస్సు చార్జీలు, పైఖర్చు ఓ 2,400 అనుకుని తీసేస్తే 38,000 మిగులుతుంది. మీ వారి జీతం 24,000. అంటే నెలకు 14,000 లోటు. మూడు నెలలే అనుకోకండి. తిరిగొచ్చి డ్యూటీలో చేరాక మొదటి జీతం చేతికందే దాకా ఇంకో నెల పడుతుంది కాబట్టి నాలుగు నెలలకు లెక్క వేయాలి. ఆరు నెలల్లో వెళ్తే ఆ లోటు 56,000. పదిహేను నెలలు ఆగితే బండి ఈఎంఐ అయిపోతుంది, లోటు నెలకు 10,800కు దిగి నాలుగు నెలలకు 43,200 అవుతుంది. దశమ భాగాన్ని నేనెక్కడా తగ్గించలేదు, అది మీరిద్దరూ కలిసి నిర్ణయించుకునే విషయం.

ప్రయాణం ఖర్చు మీద పది శాతం, అంటే 26,000, విడిగా పెట్టండి. టికెట్ ధర, డాలరు రేటు మనం అనుకున్న చోట ఆగవు. ఇన్సూరెన్సు కోసం ఇంకో 20,000 పక్కన పెట్టమంటాను, ఎందుకో కింద చెబుతాను. అన్నీ కలిపితే 3,49,200. మీరు చేరుకోవాల్సింది ఈ అంకె.

ఇది ఎలా వస్తుందంటే, మీకు ప్రతి నెలా 8,800 మిగులుతోంది. పదిహేను నెలలకు 1,32,000. ఈఎంఐ తీరాక ఆ 3,200 కూడా ఇందులోనే వేస్తే అయిదు నెలలకు 16,000. సంఘం ఇచ్చే లక్షతో 2,48,000 అయింది. ఇంకా 1,01,200 కావాలి. వెయ్యి డాలర్లు సరైన దారిలో అందితే మిగిలేది చిన్న మొత్తమే, అది బోనసుతోనో అదనపు డ్యూటీలతోనో తీరుతుంది. ఈ పొదుపు బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. బయల్దేరే తేదీ ముందే తెలిసిన డబ్బు కాబట్టి షేర్లు, ఈక్విటీ ఫండ్ల జోలికి పోవద్దు. ఎఫ్‌డీని ఈ లెక్కలోకి తీసుకురాలేదు, తీసుకురాను కూడా. మీరు సముద్రం మీద ఉండగా అత్తగారికి ఒంట్లో బాగా లేకపోతే మీ ఆయన చేతిలో ఉండే డబ్బు అదే.

డాలర్ల సంగతి జాగ్రత్తగా వినండి, చాలామంది మంచివాళ్లు ఇక్కడే చిక్కుల్లో పడతారు. విదేశీ చర్చి ఇచ్చే డబ్బు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ, కిందికి వస్తుంది. మత సంబంధమైన కార్యక్రమానికి అలాంటి డబ్బు తీసుకోవాలంటే కేంద్ర హోం శాఖ దగ్గర రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. కాబట్టి డల్లాస్ చర్చి డబ్బు మీ ఖాతాలోకి రానివ్వకండి. ‘అన్నయ్య ఖాతాలో వేసి అన్నయ్య పంపినట్టు చూపిద్దాం’ అని ఎవరైనా చెబితే అస్సలు ఒప్పుకోకండి, అసలు ఇచ్చింది ఎవరన్నదే చట్టం చూస్తుంది. అన్నయ్య తన సొంత సంపాదన లోంచి చెల్లెలికి పంపితే అది వేరు. తోబుట్టువు దగ్గరి బంధువు కాబట్టి ఏడాదికి పది లక్షల లోపు అయితే హోం శాఖకు తెలియజేయనక్కర్లేదు, మీకు ఆదాయపు పన్నూ ఉండదు. ఇక ఆ చర్చి వాళ్లకు ఇవ్వాలని నిజంగా ఉంటే దారి ఉంది. మెర్సీ షిప్స్ ప్రధాన కార్యాలయం టెక్సస్‌లోనే ఉంది. మీ ఫీజు కింద వాళ్లు అక్కడే కట్టవచ్చా అని సంస్థకు మెయిల్ రాసి అడగండి. అలా కుదిరితే ఆ డబ్బు మన దేశంలోకి రానేరాదు. మీరు ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు అయి ఉంటే మాత్రం విషయం ఇంకా బరువయ్యేది. శాఖ అనుమతితో పాటు విదేశీ సంస్థ ఆతిథ్యం తీసుకోవడానికీ ముందే అనుమతి కావాలి. ఇది చదివే ప్రభుత్వ ఉద్యోగులు గుర్తుంచుకోండి.

సంఘం ఇచ్చే లక్షకూ నియమం ఉంది. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో వచ్చిన కానుకలు మొత్తం 50,000 దాటితే, దాటిన ముక్క ఒక్కటే కాదు, మొత్తమంతా మీ ఆదాయంలో కలుస్తుంది. మీ జీతంతో కలిపినా కొత్త పన్ను విధానంలో మీకు పన్ను పడదు, భయపడకండి. కానీ రిటర్ను వేసి చూపించాలి. అసలు విదేశీ ప్రయాణానికి ఏడాదిలో రెండు లక్షలు దాటి ఖర్చు పెడితే, ఆదాయం ఎంత ఉన్నా రిటర్ను తప్పనిసరి.

ఈ కానుకల కోసం మీ ఇద్దరి పేర్ల మీద వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి. ఇంటి ఖర్చుకు వంద రూపాయలు కూడా అందులోంచి తీయొద్దు. మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ తీసి పాస్టరు అయ్యగారికి, స్త్రీల సమాజం పెద్దలకు చూపించండి. వాళ్లు అడగరు, మీరే ఇవ్వండి. కూలి డబ్బుల్లోంచి యాభై, వంద ఇచ్చిన అక్కచెల్లెళ్లు ఆ లైన్లలో ఉంటారు. ఇంకొకటి ఇప్పుడే కాగితం మీద రాసి అయ్యగారి సంతకంతో పెట్టుకోండి: వీసా రాకపోయినా, ఆరోగ్యం సహకరించకపోయినా ఈ సొమ్ము ఏమవుతుంది? తిరిగి ఇవ్వడమా, ఇంకొకరి ప్రయాణానికి మళ్లించడమా, మీ సంఘం ఇష్టం. ప్రయాణం ఆగిపోయిన రోజు ఆ మాట ఎత్తడం ఎవరికైనా కష్టం. సంఘం సొసైటీ ఖాతా లోంచి నేరుగా విదేశీ సంస్థకు పంపే ఆలోచన ఉంటే ముందు ఆడిటర్‌ని అడగమనండి. దేశం బయట ఖర్చయిన సొమ్ముకు ధార్మిక సంస్థల పన్ను మినహాయింపు మామూలుగా వర్తించదు.

ఉద్యోగం మానేయాలన్న మాట విని నాకు బాధేసింది. ఇంకో అయిదు నెలలు చేస్తే మీకు అయిదేళ్లు నిండి గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు యాజమాన్యం ఇచ్చే సొమ్ము) హక్కు వస్తుంది. మీ బేసిక్, డీఏ కలిపి 16,000 అనుకుందాం. అయిదేళ్లకు దాదాపు 46,000. పదిహేను నెలల తర్వాతయితే సర్వీసు అయిదేళ్ల పది నెలలవుతుంది, ఆరేళ్లుగా లెక్కగట్టి 55,000 పైన ఇవ్వాలి. ఇప్పుడు రాజీనామా ఇస్తే అదంతా పోతుంది. అంతకంటే ముఖ్యం, రాజీనామా వద్దు, జీతం లేని సెలవు అడగండి. మంజూరైతే ఉత్తర్వు కాగితం చేతికి తీసుకోండి. మంజూరైన సెలవుతో సర్వీసు తెగిపోదు. నర్సింగ్ సూపరింటెండెంట్‌కి ఏడాది ముందే చెబితే మీ స్థానంలో మనిషిని చూసుకోవడానికి వాళ్లకూ వీలుంటుంది. ఆరు వారాల ముందు అడిగితే ఎవరూ ఇవ్వరు. పీఎఫ్ ముట్టుకోకండి.

చీటీని ఆఖరి అండగా ఉంచుకోండి. ఇప్పుడు పాడితే తోపులాటలో చాలా వదులుకుని తీసుకోవాలి. ఏడాది గడిచాక పాట దిగుతుంది. ఎక్కడైనా ఇరవై ముప్పై వేలు తగ్గితే అప్పుడు చూడొచ్చు. అది రిజిస్టరైన చీటీయేనా? కాకపోతే నాకు ముందుగా రాయండి, సలహా మారుతుంది.

ఇన్సూరెన్సుకి 20,000 అన్నాను కదా. ఆసుపత్రి వారి గ్రూపు పాలసీ జీతం లేని సెలవులో నడుస్తుందో లేదో హెచ్‌ఆర్‌లో కనుక్కోండి. నడిచినా నడవకపోయినా మీ నలుగురికీ సొంత ఆరోగ్య పాలసీ ఉండాలి, అత్తగారికి విడిగా తీసుకుంటేనే మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంలపై జీఎస్టీ లేదు. దాంతో పాటు మీ పేరు మీద టర్మ్ పాలసీ. నెలకు 1,800 కట్టే మీ ఎల్‌ఐసీ పాలసీలో రక్షణ ఎంతో ఒకసారి బాండు తీసి చూడండి, ఆరేళ్ల బిడ్డకు అది చాలదు. ప్రపోజల్ ఫారంలో ఆఫ్రికా ప్రయాణం దాచకండి. ట్రావెల్ పాలసీలోనూ అంతే. విహారయాత్ర అని రాసి, అక్కడ థియేటర్‌లో పనిచేస్తూ సూది గుచ్చుకుంటే క్లెయిము నిలవదు. వైద్య సేవకు వెళ్తున్నానని చెప్పి, అత్యవసరంగా స్వదేశానికి తరలించే ఖర్చు కలిసిన పాలసీ తీసుకోండి.

డబ్బు పంపడం తేలిక. సొంత ప్రయాణానికి బయటికి పంపే సొమ్ము ఆర్థిక సంవత్సరంలో పది లక్షలు దాటనంత వరకు బ్యాంకు టీసీఎస్ (పంపేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) పట్టదు. ఏజెంటు దీన్ని ‘టూర్ ప్యాకేజీ’గా అమ్మితే మాత్రం మొదటి రూపాయి నుంచే పడుతుంది. అందుకని టికెట్ విడిగా కొనండి, ఓడ ఫీజు నేరుగా సంస్థకే కట్టండి. అసలు ‘మిషన్ ట్రిప్ ఏర్పాటు చేస్తాం’ అంటూ వ్యక్తిగత ఖాతాకు డబ్బు వేయమనే మధ్యవర్తులు ఎవరు వచ్చినా దూరం పెట్టండి. చేతి ఖర్చుకు ఫారెక్స్ కార్డు చాలు.

టీకా విషయం చిన్నదే గానీ తేదీ తప్పితే టికెట్ పోతుంది. పశ్చిమ ఆఫ్రికా దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా కావాలి, వేసుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. అది లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌లో పెడతారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ముందే సమయం తీసుకుని వెళ్లండి. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, పాస్‌పోర్టు గడువులు కూడా ఇప్పుడే చూడండి.

ఆలస్యం చేయకూడదు కదా అని అడిగారు. మీ ఊరి ఉదాహరణే చెబుతాను. అమెరికా మిషనరీ వైద్యురాలు డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చింది 1883లో. ఆమె కట్టించిన ఆసుపత్రి తెరుచుకుంది 1898లో. ఆ మధ్య పదిహేనేళ్లలో ఆమె రోగులను చూస్తూ వచ్చారు, అమెరికాలో మహిళా సంఘాలు చందాలు పోగు చేశాయి. మీకు కావాల్సింది పదిహేను నెలలు. ఆ నెలల్లోనూ మీరు రోజూ థియేటర్‌లో నిలబడి సేవ చేస్తూనే ఉంటారు.

బంగారం లాకర్‌లోనే ఉంచండి. లాకర్ మీ ఒక్కరి పేరు మీదే ఉంటే బయల్దేరే ముందు మీ వారి పేరు కూడా చేర్చండి. ఎఫ్‌డీ కూడా ‘ఇద్దరిలో ఎవరైనా’ తీసుకునేలా మార్పించండి, మీ సంతకం కోసం ఆయన మూడు నెలలు ఆగే పరిస్థితి రాకూడదు.