మల్టీలెవల్ ఇన్వర్టర్ ప్రాజెక్టు ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీటెక్ ట్రిపుల్ ఈ మూడో సంవత్సరం చదువుతోంది. సౌర విద్యుత్తును గ్రిడ్‌కు అనుసంధానించే మల్టీలెవల్ ఇన్వర్టర్‌పై ఆఖరి ఏడాది ప్రాజెక్టు చేస్తానంటోంది. అదంతా వదిలేసి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమని బంధువులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, చిత్తూరు

సమాధానం: అంశాన్ని మార్పించకండి, అయితే దాన్ని ఎలా చేస్తుందన్న దానిపైనే ఫలితం ఆధారపడి ఉంటుంది. సోలార్ ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీని ఇన్వర్టర్ 50 హెర్ట్జ్ ఏసీగా మార్చి గ్రిడ్‌కు పంపుతుంది. మామూలు రెండు స్థాయిల ఇన్వర్టర్‌లో వోల్టేజీ ఒక కొస నుంచి మరో కొసకు ఒక్కసారిగా మారుతుంది కాబట్టి హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌కు రెట్ల ఫ్రీక్వెన్సీల్లో వచ్చి చేరే అనవసర తరంగాలు) ఎక్కువై, వాటిని వడగట్టడానికి పెద్ద ఫిల్టర్ అవసరమవుతుంది. మల్టీలెవల్ ఇన్వర్టర్‌లో వోల్టేజీ మెట్లు మెట్లుగా మారుతూ సైన్ తరంగానికి దగ్గరవుతుంది, ఒక్కో స్విచ్ భరించాల్సిన వోల్టేజీ కూడా తగ్గుతుంది. నబే, తకహాషి, అకాగి అనే జపాన్ పరిశోధకులు 1981లో ప్రచురించిన మూడు స్థాయిల అమరిక, దాని నుంచి వచ్చిన రకాలు నేటి 1500 వోల్టుల సోలార్ ప్లాంట్లలో విరివిగా పనిచేస్తున్నాయి.

చాలామంది విద్యార్థులు ఏడు, తొమ్మిది, పదిహేను అంటూ స్థాయిలు పెంచుకుంటూ పోయి, కంప్యూటర్ సిమ్యులేషన్‌లో హార్మోనిక్స్ తగ్గాయని చూపించి చేతులు దులుపుకుంటారు. నాలుగేసి స్విచ్‌లుండే హెచ్-బ్రిడ్జ్ సర్క్యూట్లను వరుసగా కలిపే కాస్కేడెడ్ హెచ్-బ్రిడ్జ్ పద్ధతిలో ఏడు స్థాయిలు రావాలంటే ఒక్కో ఫేజుకు 12 స్విచ్‌లు, మూడు విడివిడి డీసీ సోర్సులు కావాలన్న సంగతి ఆ రిపోర్టుల్లో ఒక మూలన ఉంటుంది. ఇంటర్వ్యూలో మాత్రం గ్రిడ్ వోల్టేజీ పడిపోతే ఇన్వర్టర్ ఏం చేయాలి, లైన్‌లో సరఫరా పోయిన వెంటనే అది ఎందుకు ఆగిపోవాలి, గ్రిడ్‌తో ఫేజు కలపడానికి పీఎల్ఎల్ (ఫేజ్ లాక్డ్ లూప్) అనే కంట్రోల్ పద్ధతి ఎలా పనిచేస్తుంది అని అడుగుతారు. ఈ భాగాన్ని సిమ్యులేషన్‌లో క్షుణ్ణంగా నేర్చుకోవాలి.

హార్డ్‌వేర్‌కు ఐదు స్థాయిలు చాలు. విడివిడిగా ఉన్న రెండు 12 వోల్టుల సోర్సులు, స్విచ్‌లుగా పనిచేసే ఎనిమిది మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లతో రెండు హెచ్-బ్రిడ్జ్‌లు వరుసగా కలిపితే, రెసిస్టర్ లోడ్‌పై 24, 12, సున్నా, మైనస్ 12, మైనస్ 24 వోల్టుల మెట్లు ఆసిలోస్కోప్‌లో కనిపిస్తాయి. ఒకే లెగ్‌లో, అంటే సోర్స్ రెండు కొసల మధ్య వరుసగా ఉండే జతలో, రెండు స్విచ్‌ల మధ్య డెడ్ టైమ్ (రెండూ ఆఫ్‌లో ఉండే చిన్న విరామం) ఇవ్వకపోతే సోర్స్ షార్టయి మాస్‌ఫెట్ టప్పున కాలిపోతుంది. రెడీమేడ్‌గా కొన్న ప్రాజెక్టు ఈ పాఠం నేర్పదు. ఆ బోర్డును ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంటి కరెంటుకు కలపనివ్వకండి.

బంధువుల మాటలోనూ కొంత నిజముంది. ఇన్వర్టర్ కంట్రోల్ అంతా మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామే కనుక సి భాష గట్టిగా వచ్చిన ట్రిపుల్ ఈ విద్యార్థికి ఇన్వర్టర్ల రంగం, సాఫ్ట్‌వేర్ రెండు దారులూ తెరుచుకుంటాయి. విద్యుత్ సంస్థల నియామకాలకు మాత్రం ప్రాజెక్టు కన్నా పరీక్ష మార్కులే ముఖ్యం. ఎంటెక్ ఆలోచన ఉంటే గేట్ పరీక్షకు ఇప్పటి నుంచే చదవాలి. అంశం నమోదు చేసే ముందు కాలేజీ ల్యాబ్‌లో డిఫరెన్షియల్ ప్రోబ్ (రెండు బిందువుల మధ్య వోల్టేజీని ఆసిలోస్కోప్‌కు సురక్షితంగా అందించేది), మాస్‌ఫెట్‌లను ఆన్, ఆఫ్ చేసే గేట్ డ్రైవర్లు ఉన్నాయో లేదో గైడ్‌ను అడిగి తెలుసుకోమనండి.