చదువులు – సందేహాలు: తొమ్మిది దరఖాస్తులు, రెండు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. అమెరికాలో స్టాటిస్టిక్స్ పీహెచ్‌డీకో, ఎం.ఎస్.కో అప్లై చేసి జవాబు కోసం చూస్తున్న పిల్లలు రాసినవి కొన్ని, వాళ్ల అమ్మానాన్నలు రాసినవి కొన్ని. అక్కడ ఒక స్టేట్ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెబుతూ చాలా ఏళ్లు అడ్మిషన్ కమిటీలో ఉన్నాను. ఆ గదిలో ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి ఈసారి చోటంతా ఈ ఉత్తరాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. ఉస్మానియాలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఆఖరి సెమిస్టర్ చదువుతున్నాను. డిసెంబర్‌లో తొమ్మిది యూనివర్సిటీలకు పీహెచ్‌డీకి అప్లై చేశాను. ఫిబ్రవరి అయిపోవస్తోంది. రెండు చోట్ల కాదన్నారు, మిగతా ఏడు చోట్ల నుంచి ఏ కబురూ లేదు. ఒక్కోచోట 20 శాతం ఛాన్స్ ఉందనుకున్నా, తొమ్మిదింట్లో ఒక్కటైనా వచ్చే అవకాశం 87 శాతం అని లెక్క వేసుకుని ధైర్యంగా ఉన్నాను. ఇప్పుడు ఆ ధైర్యం లేదు. అర్ధరాత్రి లేచి పోర్టల్ చూస్తున్నాను. నాన్న రోజూ ‘వచ్చిందా అమ్మా?’ అని అడుగుతారు. ఇంతవరకు రాలేదంటే ఇక రానట్టేనా? ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టి అడగొచ్చా?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: తల్లీ, ముందు నీ లెక్క చూద్దాం. 0.8ని తొమ్మిదిసార్లు గుణించి ఒకటిలోంచి తీసేశావు. తొమ్మిది నిర్ణయాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే అది చెల్లుతుంది. కానీ తొమ్మిది చోట్లకూ వెళ్లింది ఒకే మార్కుల జాబితా, ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పే ఒకే ఎస్‌ఓపీ వ్యాసం, అవే మూడు సిఫార్సు లేఖలు. నీ రియల్ అనాలిసిస్ మార్కు చూసి ఒక కమిటీ వెనకాడితే, ఇంకో కమిటీ ముందూ అదే మార్కు ఉంటుంది. కాబట్టి 87 అన్నది మొదటి నుంచీ కాస్త ఎక్కువే. అలాగని ఇప్పుడు నువ్వు అనుకుంటున్నంత తక్కువా కాదు. కాదన్న రెండు చోట్ల పేర్లు నీ ఉత్తరంలో చూశాను. ప్రపంచంలో స్టాటిస్టిక్స్ చదివే ప్రతి మంచి విద్యార్థీ ముందుగా అప్లై చేసే విభాగాలవి. అక్కడ రాకపోవడాన్ని బట్టి మిగతా ఏడు చోట్ల ఏమవుతుందో చెప్పడం కష్టం.

ఇక ఈ మౌనం సంగతి. డిసెంబర్ 1 నుంచి జనవరి మొదటి వారం లోపల చాలా విభాగాల్లో గడువు ముగుస్తుంది. మన సంక్రాంతి నాటికి ఫైళ్లు కమిటీ చేతికొస్తాయి. ఐదారుగురు ప్రొఫెసర్లు తమ క్లాసులు, పరిశోధన చూసుకుంటూనే వందల ఫైళ్లు చదవాలి. ప్రతి ఫైలూ కనీసం ఇద్దరు చదువుతారు. ఈలోగా ఎంతమందికి టీఏ (టీచింగ్ అసిస్టెంట్) జీతం ఇవ్వగలమో విభాగం తేల్చుకోవాలి. పీహెచ్‌డీ సీటంటే ట్యూషన్ ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్, దాదాపు ఐదేళ్ల బాధ్యత. డబ్బు లెక్క తేలనిదే ఆఫర్ కాగితం కదలదు.

పదిమంది చేరాలంటే పాతికమందికి ఆఫర్ ఇవ్వాల్సి వస్తుందనుకో. ఎందుకంటే బాగా చదివే పిల్లలకు మూడు నాలుగు చోట్ల వస్తుంది, చేరేది ఒక్కచోటే. అలాగని పాతికమందికీ ఒకేసారి పంపేసి, ఆ ఏడు ఇరవైమంది వస్తామంటే జీతాలు ఎక్కణ్ణుంచి తెస్తాం? అందుకే విడతలు. మొదటి విడత జనవరి చివర, ఫిబ్రవరిలో వెళ్తుంది. వాళ్లలో కొందరు వద్దన్నాక రెండో విడత. ఆ మధ్యకాలంలో, తీసుకోవాలనే ఉన్నా ఇంకా ఖాళీ లేక ఆపిన ఫైళ్లు కొన్ని బల్ల మీదే ఉంటాయి. కొన్ని విభాగాలు ‘వెయిట్‌లిస్ట్‌లో ఉన్నావు’ అని చెబుతాయి. చాలావరకు ఏమీ చెప్పవు. నాకు ఇది ఎప్పుడూ నచ్చలేదు. ఒక్క వాక్యం రాస్తే ఎక్కడో ఒక ఇంట్లో ఒక పిల్ల నిద్రపోతుందని మీటింగుల్లో చాలాసార్లు వాదించాను.

నువ్వు గుర్తుంచుకోవాల్సిన తేదీ ఏప్రిల్ 15. అక్కడి కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానం మీద సంతకం చేసిన యూనివర్సిటీలు, స్టైపెండ్‌తో ఆఫర్ ఇచ్చిన విద్యార్థిని ఆ తేదీకి ముందే తేల్చిచెప్పమని ఒత్తిడి చేయకూడదు. దాంతో రెండు మూడు ఆఫర్లున్న పిల్లలు చివరివారం దాకా పట్టుకుని కూర్చుంటారు. ఏప్రిల్ రెండోవారంలో ఒక్కసారిగా సీట్లు కదులుతాయి. మా విభాగంలో 15వ తేదీ మధ్యాహ్నం ఆఫర్ అందుకుని చేరిన అమ్మాయి, తర్వాత ఆ బ్యాచ్‌లో అందరికంటే మంచి థీసిస్ రాసింది. రేపు నీకే రెండు ఆఫర్లు వస్తే, వెళ్లనిదాన్ని ఆ రోజే వదులుకో. ఆ సీటు కోసం నీలాంటి పిల్ల ఎక్కడో మేలుకుని ఉంటుంది.

ఇంకో విషయం దాచడం న్యాయం కాదు. 2025లో అక్కడ ఫెడరల్ పరిశోధన నిధులకు కోత పడ్డాక కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. నీ జాబితాలో బయోస్టాటిస్టిక్స్ విభాగాలు రెండున్నాయి. అలాంటి చోట్ల కొంతమంది విద్యార్థుల ఖర్చు ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) ట్రైనింగ్ గ్రాంట్ల నుంచి వస్తుంది. ఆ డబ్బు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే ఇవ్వాలి. మన పిల్లలు మిగిలిన టీఏ, ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) సీట్ల కోసమే పోటీ పడాలి. అక్కడ రాకపోతే నీ చదువులో లోపం ఉందనుకోకు.

మెయిల్ సంగతి. ప్రొఫెసర్లకు వద్దు. మార్చి సగం దాటాక గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు మూడు వాక్యాలు రాయి: నీ పేరు, అప్లికేషన్ నంబరు, ఫైలు ఇంకా పరిశీలనలో ఉందా అన్న ప్రశ్న. కొత్త సెమిస్టర్ మార్కులు వచ్చి ఉంటే జత చెయ్యి. ఒక్కసారి చాలు.

అర్ధరాత్రి లేచి పోర్టల్ చూడటం ఈ రోజు నుంచే మానెయ్యి. మధ్య అమెరికాలో ఉదయం తొమ్మిదికి ఆఫీసు తెరిచేసరికి మనకు రాత్రి ఎనిమిదిన్నర. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం ముందుకు జరిపాక ఏడున్నర. వాళ్ల పనిగంటలు చాలావరకు నీ నిద్రలోనే గడిచిపోతాయి. పొద్దున లేచాక ఒక్కసారి చూస్తే రాత్రి వచ్చిందంతా కనిపిస్తుంది. మన ఆదివారం, సోమవారం ఉదయాలు అసలు చూడక్కర్లేదు, అంతకుముందు అక్కడ శని, ఆదివారాలు. మీ నాన్నగారికి ఈ పేజీ చూపించు. అయ్యా, అమ్మాయి మీద మీకున్న ప్రేమ నాకు అర్థమవుతోంది. ఏప్రిల్ 15 దాకా ఆ ప్రశ్న అడగకండి. వస్తే ముందు మీకే చెబుతుంది.

ఈ రెండు నెలలూ కొలత సిద్ధాంతంతో (మెజర్ థియరీతో) కూడిన ప్రాబబిలిటీ చదువు. ఎక్కడ చేరినా మొదటి ఏడాది క్వాలిఫయింగ్ పరీక్షలో పిల్లలు తడబడేది అక్కడే. మే నెలలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ) జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) పరీక్ష ఉంటుంది, దానికి ఫారం నింపు. సీఎస్‌ఐఆర్ నెట్ మ్యాథమెటికల్ సైన్సెస్‌లో స్టాటిస్టిక్స్ ప్రశ్నలు ఉంటాయి, జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు. అమెరికా రానప్పటి మాట అని వీటిని పక్కన పెట్టకు. ఒకవేళ వచ్చినా ఈ చదువు నీతోనే వస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి పీహెచ్‌డీకి అప్లై చేస్తే ఒక యూనివర్సిటీ వాళ్లు పీహెచ్‌డీ ఇవ్వలేం, ఎం.ఎస్.లో చేరమని లెటర్ పంపారు. స్కాలర్‌షిప్ లేదు. రెండు వారాల్లో డిపాజిట్ కట్టాలట. కన్సల్టెన్సీ వాళ్లు ‘ముందు చేరండి, అక్కడికెళ్లాక టీఏ వస్తుంది, పీహెచ్‌డీలోకి మారిపోవచ్చు’ అంటున్నారు. లోనుకు ఇల్లు తాకట్టు పెట్టాలి. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అయ్యా, మీ అబ్బాయికి వచ్చింది పీహెచ్‌డీ ఆఫర్‌లో చిన్న మార్పు కాదు, పూర్తిగా వేరే ఒప్పందం. పీహెచ్‌డీలో యూనివర్సిటీ మీ అబ్బాయికి జీతం ఇస్తుంది. ఇక్కడ మీరు యూనివర్సిటీకి కడతారు. బయటి రాష్ట్రం ఫీజు, ఇంటి అద్దె, తిండి, ఇన్సూరెన్స్ కలిపి కోర్సు పూర్తయ్యేసరికి 50 లక్షలు దాటడం మామూలే.

ఎం.ఎస్. పనికిరాదని నేననను. అక్కడ మంచి కోర్సులు తీసుకుని, మంచి లేఖలు సంపాదించి, తర్వాత పీహెచ్‌డీలో చేరిన పిల్లలు నాకు తెలుసు. స్టాటిస్టిక్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) చదువు కిందికే వస్తుంది, కాబట్టి డిగ్రీ అయ్యాక ఓపీటీ అనే పని అనుమతి మీద మూడేళ్ల దాకా పని చేసుకునే వీలు ప్రస్తుతం ఉంది. కానీ ‘వెళ్లాక టీఏ వస్తుంది’ అన్న మాట ఆఫర్ లెటర్‌లో లేకపోతే, ఆ మాట లేనట్టే లెక్కేసుకోండి. కన్సల్టెన్సీ వాళ్లు మీ అప్పు కట్టరు.

అబ్బాయి చేత విభాగానికి రెండు ప్రశ్నలు రాయించండి. గత మూడేళ్లలో ఎం.ఎస్. విద్యార్థుల్లో ఎంతమందికి టీఏ వచ్చింది? ఎంతమంది ఇక్కడే పీహెచ్‌డీలో చేరారు? సూటిగా జవాబిస్తే దాన్ని బట్టి ఆలోచించండి. డొంకతిరుగుడుగా రాస్తే అదీ జవాబే. డిపాజిట్ గడువు పొడిగించమని కూడా అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. మిగతా యూనివర్సిటీల నుంచి రావాల్సినవి ఇంకా ఉన్నాయి కదా.

ఆస్తి మీ చేతిలో ఉంటే, అప్పు తీరకపోయినా ఇంటికి ముప్పు లేకపోతే, పంపడంలో తప్పులేదు. ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టు పెట్టాలంటే మాత్రం నా మాట వద్దనే. ఒక ఏడాది ఆగి, ఇక్కడ ఏదైనా రీసెర్చ్ ప్రాజెక్టులో పనిచేసి మళ్లీ అప్లై చేయడం పరువు తక్కువ పని కాదు. అలా ఆగి వచ్చిన ఫైళ్లు కమిటీలో మేం ఇంకాస్త శ్రద్ధగానే చదివేవాళ్లం.

ప్రశ్న: బీఎస్సీ రెండో ఏడాది, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్. నాకూ స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ చేయాలని ఉంది. మూడేళ్ల డిగ్రీ సరిపోదంటున్నారు, నిజమేనా? ఇప్పటి నుంచి ఏం చేయాలి?
– ఒక విద్యార్థి, తెనాలి

జవాబు: బాబూ, చాలా విభాగాలు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి. ఇక్కడే ఎమ్మెస్సీ చేస్తే ఆ ఇబ్బంది పోతుంది, చదువుకు పునాదీ పడుతుంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీ కోసం రాసే జామ్ ప్రవేశపరీక్షలో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపర్ ఉంది. పరీక్ష ఫిబ్రవరిలో, కానీ ఫారాలు అంతకుముందు సెప్టెంబర్, అక్టోబర్‌లోనే అడుగుతారు, ఏటా ఎంతోమంది పిల్లలు అది తెలియక తప్పిపోతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, మన రాష్ట్ర యూనివర్సిటీలకు పీజీసెట్. అన్నిటికంటే ముందు ఐఎస్‌ఐ ఎం.స్టాట్ పరీక్షకు చదువు. పేరుమోసిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు వాల్తేరులో గణితం ఎం.ఎ. చేసి, కలకత్తా వెళ్లి 1941లో ఐఎస్‌ఐలో శిక్షణకు చేరారు. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే క్రామర్–రావు బౌండ్ ఉన్న ఆయన పేపర్ 1945లో అచ్చయింది, అప్పటికి ఆయనకు దాదాపు పాతికేళ్లు. ఆ సంస్థ ఇప్పుడు ఎం.స్టాట్‌కు ఈ పరీక్ష ద్వారా పిల్లల్ని తీసుకుంటోంది.

కాలేజీలో రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా సిద్ధాంతాలను నిరూపణలతో సహా నేర్చుకో. గైడులోంచి బట్టీపడితే మార్కులు వస్తాయేమో గానీ ఐఎస్‌ఐ ప్రశ్నపత్రం ముందు నిలబడలేవు. స్టాటిస్టిక్స్ లెక్కలకు వాడే ‘ఆర్’ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకో. నీకు పాఠం చెప్పే మాస్టారికి నీ పేరు, నీ పని తెలిసేలా ఉండు, క్లాసయ్యాక సందేహాలు అడుగు. రేపు సిఫార్సు లేఖ రాయాల్సింది ఆయనే. ఆయనకు కాలేజీ పేరుతో ఈమెయిల్ లేకపోతే ఇప్పుడే ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి తీయించండి. కొన్ని యూనివర్సిటీ పోర్టళ్లు సొంత జీమెయిల్ నుంచి వచ్చిన లేఖల్ని సందేహంతో చూస్తాయి.