ఆఫీసు ఫోన్లకి రెండో నంబర్: సిమ్ మీ అమ్మాయి పేరు మీద, మీ అమ్మాయి చేతిలోనే

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయి బీకాం పాసై, ఊళ్లోనే లోన్లు, ఇన్సూరెన్స్‌లు చూసే ఒక చిన్న ఏజెన్సీలో చేరింది. జీతం తొమ్మిది వేలు. తెలుగు, ఒడియా, హిందీ మూడూ మాట్లాడుతుందని ఫోన్ పని ఇచ్చారు. ఇటు కాశీనగర్, గుణుపురం, అటు పాతపట్నం, టెక్కలి, పలాస వాళ్లతో రోజంతా మాట్లాడాలి. అంతా తన సొంత నంబర్ నుంచే. రాత్రి పది దాటాక కూడా ఫోన్లు వస్తున్నాయి. కొందరు వాట్సాప్‌లో పిచ్చి మెసేజ్‌లు పెడుతున్నారు. మా వారు ఉద్యోగం మానేయమంటున్నారు. ఇప్పుడు ఆఫీసువాళ్లు తన పేరు మీద రెండు సిమ్‌లు తీసుకుని, ఒకటి ఆఫీసులో ఉంచమంటున్నారు. ఇంకో ఫోన్ కొనే స్తోమత మాకు లేదు. తక్కువ ఖర్చులో ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు చివర్లో మామూలుగా రాసేసిన మాట దగ్గరే మొదలుపెడతాను. ఆఫీసులో ఉంచడానికని మీ అమ్మాయి పేరు మీద సిమ్ తీసి ఇవ్వకండి. ఇవాళ ఇవ్వమన్న మేనేజర్ మంచివాడే కావచ్చు. ఆయన మానేశాక ఆ సిమ్ ఎవరి చేతికి పోతుందో మీకు తెలియదు. దాని నుంచి ఎవరినైనా మోసం చేస్తే పోలీసులు ముందు వచ్చేది ఆధార్ ఎవరిదో వాళ్ల గుమ్మానికే. రేపు బ్యాంకు ఉద్యోగానికో ప్రభుత్వ ఉద్యోగానికో వెళ్లాల్సిన పిల్ల, చేయని పనికి స్టేషన్ చుట్టూ తిరగకూడదు. ఉద్యోగం పోతుందని భయపెట్టినా ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గకండి.

ఆఫీసుకు నిజంగా సిమ్‌లు కావాలంటే దారి ఉంది. కంపెనీ పేరు మీద బిజినెస్ కనెక్షన్లు తీసుకోవచ్చు. ఒక్కో సిమ్ ఎవరు వాడుతున్నారో వాళ్ల కేవైసీ మాత్రం చేయించాలి. మన దగ్గర పెద్ద ఆఫీసుల్లో సీయూజీ నంబర్ అంటారే, అలాంటిదే. చిన్న ఏజెన్సీకి అంత ఓపిక లేకపోతే, కనీసం మీ అమ్మాయి తీసుకునే సిమ్‌కి రీచార్జ్ డబ్బులైనా ఇవ్వాలి.

ఇంకో ప్రశ్న కూడా అడగాలి, ఇది ఆమె చేసే పనికి సంబంధించింది. ఆమె ఫోన్ చేసేది ఎవరికి? లోన్ కావాలని ఆఫీసుకు వచ్చి వివరాలు అడిగి వెళ్లినవాళ్లకు తిరిగి చేస్తోందా, లేక ఎక్కడో సంపాదించిన నంబర్ల లిస్టు చేతికిచ్చి వరసగా చేయమంటున్నారా? మొదటిదైతే పెద్దగా భయపడనక్కర్లేదు. రెండోదైతే మాత్రం ఆగాలి. మామూలు పదంకెల నంబర్ నుంచి అమ్మకాల ఫోన్లు చేయడానికి ఫోన్ కంపెనీలను నియంత్రించే ట్రాయ్ ఒప్పుకోదు. అలాంటి ప్రచార కాల్స్‌కి 140తో మొదలయ్యే నంబర్లు ఉన్నాయి, వాటిని కంపెనీ రిజిస్టర్ చేసుకుని తీసుకోవాలి. 2025 ఫిబ్రవరిలో ఈ నిబంధనలు ఇంకా గట్టిపడ్డాయి. పది రోజుల్లో ఒక నంబర్ మీద ఐదు ఫిర్యాదులు వస్తే చాలు, చర్య మొదలవుతుంది. మొదటిసారి 15 రోజుల పాటు అవుట్‌గోయింగ్ ఆపేస్తారు. మళ్లీ జరిగితే ఆ మనిషి పేరు మీదున్న కనెక్షన్లన్నీ, ఏ కంపెనీవైనా సరే, ఏడాది పాటు కట్ చేస్తారు. అన్నీ అంటే బ్యాంకుకు, ఆధార్‌కు లింకైన నంబర్ కూడా అందులోనే ఉంటుంది. ఏజెన్సీ చేయించిన పనికి మీ అమ్మాయి ఓటీపీ రాని పరిస్థితికి వస్తుంది. లిస్టు చేతికిచ్చి చేయమంటున్నారంటే, రెండో సిమ్ తీసుకున్నంత మాత్రాన ఆ ప్రమాదం పోదు. ఆ పని కంపెనీ నంబర్ నుంచే చేస్తానని చెప్పాలి. లేదంటే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడమే మేలు.

ఇక మీరు అడిగిన ఖర్చు సంగతి. ఇంకో ఫోన్ అక్కర్లేదు. మీ అమ్మాయి ఫోన్‌లో రెండో సిమ్ పెట్టే చోటు దాదాపు ఉండే ఉంటుంది. కొన్ని ఫోన్లలో ఆ రెండో చోటే మెమరీ కార్డుకీ వాడతారు. అలాంటిదైతే కార్డులోని ఫొటోలు ముందుగా ఎక్కడైనా కాపీ చేసుకుని, కార్డు తీసి సిమ్ పెట్టాలి.

చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. రెండో సిమ్‌కి కూడా రోజుకు ఒకటిన్నర జీబీ, రెండు జీబీ డేటా ఉన్న ప్యాక్ వేయించేస్తారు. ఆ డేటా దేనికి? నెట్ మొదటి సిమ్ నుంచే వస్తుంది. రెండో నంబర్‌తో వాట్సాప్ తెరిచినా అది మొదటి సిమ్ నెట్ మీదే నడుస్తుంది. రెండో సిమ్‌కి కావలసింది మాటలు, ఎస్సెమ్మెస్ మాత్రమే. డేటా అక్కర్లేనివాళ్ల కోసం విడిగా ప్యాక్‌లు పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో కంపెనీలన్నిటికీ నిబంధన పెట్టింది. 2025 జనవరిలో అవి వచ్చాయి. ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు రూ. 469, ఏడాదికి రూ. 1,849. జియోలో 84 రోజులకు రూ. 448, 336 రోజులకు రూ. 1,748. లెక్క వేస్తే నెలకు రూ. 150 నుంచి 170 లోపే పడుతుంది. ఇవి అప్పటి ధరలు, రీచార్జ్ చేసే రోజు కంపెనీ యాప్‌లో ఒకసారి చూసుకోండి. యాప్ తెరవగానే డేటా ప్యాక్‌లే ముందు కనిపిస్తాయి, కిందికి వెళ్లి వెతకాలి. షాపువాళ్లు కూడా అడగందే చెప్పరు. "డేటా లేని ప్యాక్, మాటలకి మాత్రమే" అని గట్టిగా అడగండి. ఏడాదిది చవకే, కానీ ఇప్పుడే వద్దు. ఈ ఏజెన్సీలో ఉంటుందో లేదో తేలేదాకా 84 రోజులది చాలు.

ఏ కంపెనీ సిమ్? ఇప్పుడున్నది ఏదో చూసి, దానికి వేరేది తీసుకోండి. ఒక దానికి సిగ్నల్ పోయినప్పుడు ఇంకోటి పనిచేస్తుంది. పర్లాకిమిడి టౌన్‌లో ఏదైనా పలుకుతుంది. ఫీల్డ్ పని మీద ఆర్. ఉదయగిరి, మోహన వైపు కొండల్లోకి పంపుతారంటే మాత్రం, అక్కడివాళ్లు ఏది వాడుతున్నారో అడిగి తెలుసుకుని తీసుకోండి. బీఎస్‌ఎన్‌ఎల్‌ని పాత జ్ఞాపకాలతో కొట్టిపారేయకండి. దాని 4జీని 2025 సెప్టెంబర్ 27న మన ఒడిశాలోని ఝార్సుగుడాలోనే ప్రారంభించారు. మీరుండే వీధిలో ఎలా ఉందో ఎవరి ఫోన్‌లోనైనా పరీక్షించి చూస్తే సరిపోతుంది. బోర్డర్‌లో ఉన్నాం, పాతపట్నం టవర్ పట్టుకుంటే రోమింగ్ పడుతుందేమోనని మన ఊళ్లలో పెద్దవాళ్లకు ఇప్పటికీ ఒక టెన్షన్. ఈ అన్‌లిమిటెడ్ ప్యాక్‌లలో దేశంలో రోమింగ్ కలిసే ఉంటుంది. ఒడిశా సిమ్‌తో ఆంధ్ర కస్టమర్‌తో మాట్లాడినా, టెక్కలిలో నిలబడి మాట్లాడినా వేరే చార్జీ లేదు. కాబట్టి అవతలివైపు వాళ్ల కోసం ఆంధ్ర సిమ్ ఒకటి, ఇటువైపు కోసం ఒడిశా సిమ్ ఒకటి అని ఎవరైనా చెబితే వినకండి.

సిమ్ తీసుకోవడానికి మీ అమ్మాయే వెళ్లాలి, తన ఆధార్‌తోనే. ఇంట్లో వాడకుండా పడి ఉన్న మీ వారి సిమ్‌ని ఈ పనికి ఇవ్వకండి. ఎవరి పేరు మీద సిమ్ ఉంటే బాధ్యత వాళ్లది. కంపెనీ సొంత స్టోర్ అయితే మంచిది, లేదా బాగా తెలిసిన షాపు. "వేలిముద్ర సరిగా పడలేదు, మళ్లీ పెట్టమ్మా" అని ఒకటికి రెండుసార్లు పెట్టించుకుని, ఆ రెండో ముద్రతో ఇంకో సిమ్ తీసి అమ్ముకునే మోసం దేశంలో చాలాచోట్ల బయటపడింది. అందుకని సిమ్ తీసుకున్న కొన్ని రోజులకు కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోగానీ యాప్‌లోగానీ ఆమె పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూడండి. మొబైల్ నంబర్, ఓటీపీ చాలు, డబ్బు కట్టక్కర్లేదు. తెలియని నంబర్ కనిపిస్తే అక్కడే 'ఇది నాది కాదు' అని పెట్టొచ్చు. మన రాష్ట్రంలో ఒక మనిషి పేరు మీద అన్ని కంపెనీలూ కలిపి తొమ్మిది సిమ్‌ల వరకే ఉండాలి. దాటితే మొదటిసారే రూ. 50 వేల వరకు జరిమానా పడొచ్చు.

రాత్రి ఫోన్ల బాధ ఇక ఫోన్ సెట్టింగ్‌లలోనే చాలావరకు తీరుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సిమ్ సెట్టింగ్‌లలోకి వెళితే ఒక్కో సిమ్‌ని విడిగా ఆపేసే మీట ఉంటుంది. సాయంత్రం ఇంటికి రాగానే ఆఫీసు సిమ్ ఆపేస్తే, సొంత నంబర్ మామూలుగా పనిచేస్తూనే ఉంటుంది. మీ వారికి ఇది చేసి చూపించండి, మాటలతో చెప్పడం కన్నా త్వరగా అర్థమవుతుంది. కాల్స్ ఏ సిమ్ నుంచి పోవాలి అన్నచోట 'ప్రతిసారీ అడుగు' అని పెట్టాలి. లేకపోతే పొరపాటున సొంత నంబర్ నుంచి కస్టమర్‌కి పోతుంది, మళ్లీ కథ మొదటికొస్తుంది. ఒక ఇబ్బంది మాత్రం ఉంటుంది: చాలా ఫోన్లలో ఒక సిమ్‌లో మాట్లాడుతున్నప్పుడు ఇంకో నంబర్‌కి చేసినవాళ్లకు అందుబాటులో లేరని వినిపిస్తుంది. ఇంట్లోవాళ్లు కంగారు పడకుండా ముందే చెప్పి ఉంచండి.

వాట్సాప్‌కి కొత్త నంబర్‌తో వాట్సాప్ బిజినెస్ పెట్టుకోమనండి, అది ఉచితం. మామూలు వాట్సాప్ పాత నంబర్‌తో అలాగే ఉంటుంది, రెండూ ఒకే ఫోన్‌లో నడుస్తాయి. బిజినెస్ దాంట్లో పని వేళలు పెట్టుకోవచ్చు. ఆ వేళలు దాటాక మెసేజ్ వస్తే "రేపు ఉదయం మాట్లాడతాం" అని దానంతటదే జవాబు పోయేలా తెలుగులో ఒకటి, దాని కిందే ఒడియాలో ఒకటి రాసి పెట్టమనండి. ప్రొఫైల్‌లో తన ఫొటో వద్దు. పేరు దగ్గర ఏజెన్సీ పేరు, దాని పక్కన తన పేరులో ఒక ముక్క చాలు. పిచ్చి మెసేజ్‌లు పెట్టేవాళ్లకు జవాబు ఇవ్వకుండా, ముందు స్క్రీన్‌షాట్ తీసుకుని, తర్వాత బ్లాక్ చేసి, ఆ స్క్రీన్‌షాట్ మేనేజర్‌కి పంపాలి. కస్టమర్‌ని అదుపులో పెట్టడం ఏజెన్సీ బాధ్యత, పిల్ల ఒక్కతే మోయాల్సింది కాదు. హద్దు దాటితే ఆ స్క్రీన్‌షాట్‌లతో సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. అంతదాకా వస్తే మీరు ఆమె పక్కన కూర్చుని చేయించండి.

ఫ్రీగా నంబర్ ఇస్తామనే యాప్‌ల గురించి కూడా ఎవరైనా చెబుతారు. వాటిల్లో ఎక్కువగా దొరికేవి విదేశీ నంబర్లు. పలాస రైతు ప్లస్ వన్‌తో వచ్చిన ఫోన్ ఎత్తడు, ఎత్తకపోవడమే అతనికి మంచిది. ఆ దారి వదిలేయండి.

ఏ నంబర్ ఎక్కడ ఇవ్వాలన్నది ఆమె చదువుకీ, రాబోయే ఉద్యోగాలకీ సంబంధించిన విషయం కాబట్టి కొంచెం జాగ్రత్తగా వినండి. బ్యాంకు, ఆధార్, డిజిలాకర్, యూనివర్సిటీ, ప్రభుత్వ ఉద్యోగాల అప్లికేషన్లు అన్నీ పాత నంబర్ మీదే ఉండాలి. రైల్వే, బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ నోటిఫికేషన్లలో రిక్రూట్‌మెంట్ పూర్తయ్యేదాకా నంబర్ పనిచేస్తూ ఉండాలని రాస్తారు, అది ఏడాదికి పైగా సాగొచ్చు. జాబ్ వెబ్‌సైట్లలో పెట్టే రెజ్యూమేకి మాత్రం కొత్త నంబర్ ఇవ్వాలి. ఆ సైట్లలో పెట్టిన నంబర్‌కి డబ్బు కడితే ఉద్యోగం అనే ఫోన్లు వస్తూనే ఉంటాయి. అవి బ్యాంకు ఉన్న నంబర్‌కి రాకపోవడం ఎంతో నయం.

ఒకవేళ రేపు ఈ ఉద్యోగం మానేస్తే కొత్త సిమ్‌ని ఊరికే సొరుగులో పడేయకండి. 90 రోజులు ఏమీ వాడకుండా, బ్యాలెన్స్ కూడా లేకుండా ఉంటే కంపెనీ దాన్ని మూసేసి, ఆ నంబర్ వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. అక్కర్లేదనుకుంటే మీరే స్టోర్‌కి వెళ్లి మూయించండి. నంబర్ కావాలి గానీ సిగ్నల్ బాగోలేదంటే, తీసుకున్న 90 రోజుల తర్వాత వేరే కంపెనీకి పోర్ట్ చేసుకోవచ్చు, నంబర్ మారదు.

మీ వారు కోపంతో ఉద్యోగం మానేయమంటున్నారని రాశారు. ఆయన భయం నాకు అర్థమవుతోంది, ఆడపిల్ల ఫోన్ రాత్రి పదకొండుకి మోగితే ఏ తండ్రికైనా నిద్ర పట్టదు. ఆ ఫోన్లను ఆపండి, ఉద్యోగాన్ని ఆపకండి. ఒడియాలో మొదలుపెట్టిన మాటని కస్టమర్ తెలుగులోకి మారితే తెలుగులో, హిందీలోకి మారితే హిందీలో సాగించగలగడం మన గజపతి, రాయగడ, గంజాం పిల్లలకు ఇంట్లోనే వచ్చిన విద్య. విశాఖలో, భువనేశ్వర్‌లో బ్యాంకులూ, ఆస్పత్రులూ, కాల్‌సెంటర్లూ అలాంటివాళ్ల కోసం వెతుకుతాయి. ఈ చిన్న ఏజెన్సీలో ఒక ఏడాది పనిచేసిన అనుభవం ఆమెకు అక్కడ పనికొస్తుంది. అందుకే అనుభవం సర్టిఫికెట్ ఇస్తారా అని కూడా ఇప్పుడే అడిగించండి.

ఈ వారంలోనే ఆమె మేనేజర్‌కి ఒక మెసేజ్ పెట్టమనండి. నోటి మాట వద్దు, వాట్సాప్‌లోనే పెట్టాలి. "సార్, ఆఫీసు పనికి నేను విడిగా ఒక నంబర్ తీసుకుంటున్నాను. అది నా దగ్గరే ఉంటుంది, ఆఫీసు వేళల్లో పనిచేస్తుంది. రీచార్జ్ డబ్బులు ఆఫీసు ఇస్తుందా? ఆఫీసులో ఉంచే సిమ్ మాత్రం కంపెనీ పేరు మీద తీసుకోగలరు. కస్టమర్లు కాని వాళ్లకు చేసే కాల్స్‌కి కంపెనీ నంబర్ ఇప్పించగలరు." ఇంతే, ఇంకేమీ కలపక్కర్లేదు. ఆయన రీచార్జ్ ఇవ్వనంటే అది చిన్న విషయం, మీరే వేయించండి. కంపెనీ పేరు మీద సిమ్ కుదరదు, నీ పేరు మీదే తీసి ఇవ్వాలని పట్టుబడితే మాత్రం ఆ జవాబు దాచి ఉంచి నాకు రాయండి. దగ్గర్లో ఇంకో పని చూద్దాం.