బాగానే ఉన్నప్పుడు మాత్రలెందుకు ఆపేస్తారు?

ప్రశ్న: మా తమ్ముడికి 38 ఏళ్లు. ఆరేళ్లుగా హెచ్‌ఐవీ మందులు వాడుతున్నాడు. మూడు నెలలుగా మాత్ర ముట్టడం లేదని ఈమధ్యే తెలిసింది. అడిగితే "ఒంట్లో బాగానే ఉంది కదక్కా" అంటున్నాడు. అన్నీ తెలిసినవాడు, ఎందుకిలా చేశాడు?

జవాబు: మీ తమ్ముడు చెప్పినదే అన్నిటికంటే మామూలు కారణం. జ్వరం తగ్గాక మందు మానేయడం మనందరికీ అలవాటు. ఈ మందు బాగా పనిచేసినకొద్దీ జబ్బు కనిపించదు, మాత్ర మాత్రం రోజూ కళ్లముందు ఉంటుంది. రిపోర్టులో వైరస్ కనపడలేదని వస్తే అది పోయిందనుకునేవాళ్లూ ఉన్నారు. పోలేదు. రోగనిరోధక కణాల జన్యుపదార్థంలో కలిసిపోయి నిద్రాణంగా ఉంటుంది, అక్కడ దాన్ని ఈ మందులు తుడిచేయలేవు. ఆపిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి రక్తంలో మళ్లీ కనిపిస్తుంది. ఒంటికి తెలియడానికి మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఆ మధ్యకాలమే మనిషిని మోసం చేసేది.

మధ్యలో విరామం ఇస్తే ఏమవుతుందో 5,472 మందితో స్మార్ట్ అనే అధ్యయనంలో చూశారు. సీడీ4 (వైరస్ దాడిచేసే రోగనిరోధక కణాల) సంఖ్య 350 దాటినవాళ్లలో సగంమందికి మందులు ఆపి, 250 కంటే తగ్గాక మళ్లీ ఇచ్చారు. ఆపినవాళ్లలో మరణాలు, హెచ్‌ఐవీ వల్ల వచ్చే తీవ్ర జబ్బులు రెండున్నర రెట్లు ఎక్కువ కావడంతో 2006లో ఆ పద్ధతి నిలిపేశారు.

అయితే "బాగానే ఉంది" వెనక ఇంకో మాట దాగి ఉండొచ్చు. కొత్త గదిలో పక్కవాళ్లు మాత్రల డబ్బా చూస్తారన్న భయం, క్లినిక్ రోజున సెలవు దొరకకపోవడం, ఒకసారి ఆలస్యంగా వెళ్తే అందరిముందూ మందలించడం, నిద్ర పట్టకపోవడం, ఏదీ చేయబుద్ధికాని దిగులు, పూర్తిగా నయం చేస్తామన్నవాళ్ల మాట నమ్మడం. దిగులును తేలిగ్గా తీసుకోకండి. అది ఉన్నవాళ్లకు ఎన్ని జాగ్రత్తలు చెప్పినా ఎక్కవు, ముందు దానికే వైద్యం కావాలి.

"ఎందుకు ఆపావు?" అని నిలదీస్తే మళ్లీ అదే జవాబు వస్తుంది. "చివరగా వేసుకున్న వారంలో ఏం జరిగింది?" అని అడగండి. అసలు సంగతి అక్కడ బయటపడుతుంది, దానికి తగిన మార్గమూ ఉంటుంది. డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందుతో నిద్ర పట్టకపోతే మాత్రను ఉదయానికి మార్చుకోవచ్చు. ఎఫావిరెంజ్‌తో తల తిరుగుతుంటే, పీడకలలు వస్తుంటే ఖాళీ కడుపుతో పడుకునే ముందు వేసుకుంటే కొంత నయం, లేదంటే మందే మార్చమని అడగాలి. సెలవు దొరకనివాళ్లు మూడు లేదా ఆరు నెలల మందు ఒకేసారి ఇమ్మని కోరొచ్చు. డబ్బా చప్పుడే ఇబ్బందైతే లోపల కాస్త దూది పెడితే సరి. తేమ పీల్చే పొట్లాన్ని మాత్రం తీసేయకండి.

ప్రశ్న: నాలుగు నెలల క్రితం ఆపేశాను. పాత డబ్బాలో సగం మాత్రలు మిగిలాయి. క్లినిక్‌కు వెళ్తే తిడతారని భయం. ఇంట్లోనే మొదలుపెట్టొచ్చా?

జవాబు: ఆ డబ్బా పట్టుకుని క్లినిక్‌కే వెళ్లండి. "నాలుగు నెలలు మానేశాను, మళ్లీ మొదలుపెట్టాలి" అంటే చాలు, సంజాయిషీ అక్కర్లేదు. ఎంతకాలమైనా తిరిగి వచ్చినవాళ్లకు మందు ఇవ్వాల్సిందే.

టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర వాడినవాళ్లకు చాలాసార్లు అదే మందు, అదే మోతాదు, ఆ రోజే ఇస్తారు. కానీ అన్ని మందులూ అలా కాదు. నెవిరపిన్‌ను వారం దాటి ఆపితే మళ్లీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి. అబకావిర్ గతంలో పడక జ్వరం, దద్దుర్లు వచ్చి ఉంటే దాన్ని మళ్లీ ముట్టకూడదు, ప్రాణాపాయం.

సీడీ4 పరీక్ష చేయించమని అడగండి. 200 కంటే తక్కువుంటే క్రిప్టోకాకస్ అనే ఫంగస్‌కు, క్షయకు పరీక్షలు చేస్తారు, ఇన్ఫెక్షన్లు రాకుండా కోట్రైమాక్సజోల్ ఇస్తారు. జ్వరంతో తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం ఉంటే మొదటి మాత్రకు ముందే చెప్పాలి. మెదడు పొరల ఇన్ఫెక్షన్ ఉండగా వెంటనే మొదలుపెడితే పరిస్థితి విషమించొచ్చు, అలాంటప్పుడు కొన్ని వారాలు ఆగుతారు. హెపటైటిస్ బి కూడా ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి. టెనోఫోవిర్, లామివుడిన్ దాన్నీ అదుపులో ఉంచుతాయి, ఆపితే కాలేయం దెబ్బతినొచ్చు.

వాడే ఇతర మందులన్నీ చూపించండి. క్షయకు రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు కావాలి. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న ఎసిడిటీ మందుకు రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ డోలుటెగ్రావిర్ వేసుకోవాలి.

ప్రశ్న: మద్యం తాగిన రోజు మాత్ర వేసుకోకూడదంటారు, నిజమేనా?

జవాబు: కాదు. రెండూ కలిస్తే విషమవుతుందన్న నమ్మకంతో మాత్ర మానేసి నష్టపోతున్నవాళ్లు చాలామంది. మద్యం తగ్గించడం మంచిదే, కానీ తాగిన రోజు కూడా మాత్ర వేసుకోవాలి. మర్చిపోకుండా ఉండాలంటే డోలుటెగ్రావిర్‌ను ఉదయం వేళకు మార్చుకోండి. రోజుకొకసారి వేసుకునే డోలుటెగ్రావిర్ మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తర్వాతి మాత్రకు నాలుగు గంటలలోపే ఉంటే మాత్రం పోయినదాన్ని వదిలేసి, ఆ వేళకు ఒక్కటే వేసుకోండి.