గుంట గట్టున బ్యాటరీ ఎన్నాళ్లు నిలుస్తుంది?

చి. మేనకోడలికి,

నెల్లూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) కొలిచే పెట్టె తయారు చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. సరిగ్గా ఆ వేళకే నీ పెట్టె ఆగిపోతే రైతు పంట మొత్తం చేజారిపోవచ్చు. అందుకే ప్రాసెసర్ ఎంత కరెంటు లాగుతుందో ముందే తేల్చుకోవాలన్న నీ పట్టుదల నాకు నచ్చింది.

చిప్ తయారీదారు ఇచ్చే వివరాల పత్రం, అంటే డేటాషీట్, దాని మొదటి పేజీలో మెరిసే అంకెతో లెక్క మొదలుపెట్టకు. లోపల ఎలక్ట్రికల్ క్యారెక్టరిస్టిక్స్ అనే అధ్యాయం ఉంటుంది, కరెంటు వినియోగం పట్టిక అక్కడ దొరుకుతుంది. అంకె కంటే ముందు దాని పక్కనున్న షరతులు చదువు: ఎన్ని వోల్టులు, ఎన్ని మెగాహెర్ట్జ్, ఎంత ఉష్ణోగ్రత, చిప్‌లో ఏయే భాగాలు పనిచేస్తున్నాయి. ఏటీమెగా328పీ అనే చిన్న చిప్ డేటాషీట్ మొదటి పేజీలో 0.2 మిల్లీఆంపియర్లు అని ఉంటుంది. అది 1 మెగాహెర్ట్జ్, 1.8 వోల్టులు, 25 డిగ్రీల దగ్గర మాట. ఆర్డుయినో ఊనో బోర్డు మీద అదే చిప్ 16 మెగాహెర్ట్జ్, 5 వోల్టులతో నడుస్తుంది. ఆ 0.2 నీకు ఎందుకూ పనికిరాదు.

ఆ 25 డిగ్రీలను కూడా పట్టించుకో. రోహిణి కార్తె ఎండలో మూత బిగించిన పెట్టె లోపల వేడి ఎలా ఉంటుందో నీకు చెప్పనక్కర్లేదు. వేడెక్కేకొద్దీ చిప్ నిద్రలో ఉన్నా ఊరికే కారిపోయే లీకేజీ కరెంటు పెరుగుతుంది. కాబట్టి ‘టిపికల్’ గడిని వదిలి, 85 డిగ్రీల వరుసలో ‘మ్యాగ్జిమమ్’ గడి చూడు.

లైనక్స్ నడిపే పెద్ద ప్రాసెసర్లకు టీడీపీ (థర్మల్ డిజైన్ పవర్) అని ఒక అంకె ఇస్తారు. అది చల్లబరిచే ఏర్పాటు కోసం ఇచ్చేది, దానితో బ్యాటరీ లెక్క వేయకూడదు. వాటికి తయారీదారులు విడిగా అప్లికేషన్ నోట్లు ఇస్తారు. ఐ.ఎమ్ఎక్స్ 6 చిప్‌కు ఎన్ఎక్స్‌పీ ఇచ్చిన ఏఎన్4509 అలాంటిదే, ఏ పని చేస్తుంటే ఎంత కరెంటు పోయిందో కొలిచి రాశారు. రాస్ప్‌బెర్రీ పై 4కు 3 ఆంపియర్ల సప్లై వాడమంటారు, ఉత్త బోర్డు మామూలుగా లాగేది 600 మిల్లీఆంపియర్లు. రెండింటినీ కలపకు. నీ పెట్టెకు అదీ ఎక్కువే.

ఈఎస్‌పీ32 అనే వైఫై చిప్ వాడతానన్నావట, మంచి ఎంపిక. డీప్ స్లీప్‌లో 10 మైక్రోఆంపియర్లు, వైఫై పంపేటప్పుడు గరిష్ఠంగా 240 మిల్లీఆంపియర్లు అని డేటాషీట్ చెబుతుంది. 10 నిమిషాలకోసారి 4 సెకన్లు మేలుకుంటుందని, ఆ 4 సెకన్లలో సగటున 120 మిల్లీఆంపియర్లు లాగుతుందని అనుకుందాం. 4ను 120తో గుణిస్తే 480, దాన్ని 10 నిమిషాల్లోని 600 సెకన్లతో భాగిస్తే సగటు 0.8 మిల్లీఆంపియర్లు. నిద్రలో పోయేది కలిపితే 0.81. అంటే 2000 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-అవర్) బ్యాటరీ కాగితం మీద 100 రోజులు దాటి వస్తుంది. ఇప్పుడు బోర్డు తిప్పి చూడు. చాలా డెవలప్‌మెంట్ బోర్డుల మీద ఉండే ఏఎమ్ఎస్1117 రెగ్యులేటర్ (వోల్టేజీని స్థిరంగా ఉంచే చిప్), ఏ పనీ లేకపోయినా 5 మిల్లీఆంపియర్లు తినేస్తుంది. లెక్క 5.81కి చేరి, 100 రోజులు కాస్తా 14 రోజులవుతాయి. పవర్ ఎల్ఈడీ, యూఎస్‌బీ చిప్, డీఓ సెన్సర్ ఇంకా కలపలేదు. నువ్వు గుంట గట్టున పెట్టేది బోర్డుని కదమ్మా, అందుకే దాని మీదున్న ప్రతి చిప్ డేటాషీటూ తెరవాల్సిందే.

తర్వాత కొలిచి చూడు. మామూలు మల్టీమీటర్‌కు వైఫై పంపేటప్పుడు క్షణంలో వచ్చిపోయే కరెంటు కుదుపులు అందవు. పైగా మైక్రోఆంపియర్ రేంజిలో పెడితే మీటరు లోపలే వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. కాలేజీ ల్యాబ్‌లో కరెంటు దారిలో పెట్టి కొలిచే ఒక చిన్న షంట్ రెసిస్టర్, వేగంగా మారే వోల్టేజీని గీతగా చూపే ఆసిలోస్కోప్ అడిగి తీసుకో. నార్డిక్ పవర్ ప్రొఫైలర్ కిట్ 2 దొరికితే మరీ మంచిది, 200 నానోఆంపియర్ల నుంచి 1 ఆంపియర్ దాకా కొలుస్తుంది.

ఆ రీడింగులు నాకు పంపు. 500 మిల్లీఆంపియర్లు ఇవ్వగలిగి, తాను మాత్రం కొన్ని మైక్రోఆంపియర్లతో సరిపెట్టుకునే రెగ్యులేటర్ ఒకటి ఇద్దరం కలిసి ఎంచుదాం.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మామయ్య